పిల్లల తరఫున ఒక సంతకం

ధారావాహిక: వీధి నుంచి బడికి – అయిదో భాగం

గత వారం మనం లండన్ మురికివాడల్లో తిరిగాం. చిరుగుబట్టల పిల్లల కోసం అక్కడక్కడా వెలిసిన ఉచిత బడులు 1844లో ఒక సంఘంగా ఏర్పడడం, షాఫ్ట్స్‌బరీ ప్రభువు ఆ సంఘానికి పెద్దదిక్కుగా నిలవడం చూశాం. ఆ బడులు అక్షరం నేర్పాయి, బైబిల్ చదివించాయి, కొన్నిచోట్ల కడుపు కూడా నింపాయి. అయితే నాలుగు ముక్కలు చదవడం వచ్చిన పిల్లవాడు మర్నాడు ఎక్కడికి పోవాలి? పని ఎవరు నేర్పుతారు? యజమాని చెయ్యి చేసుకుంటే ఎవరితో మొర పెట్టుకోవాలి? 1851లో లండన్ మహా ప్రదర్శన సందర్భంగా బూట్లు తుడిచే పిల్లల దళాన్ని ఏర్పాటు చేసి, ఆ సంఘం ఈ ప్రశ్నలకు కొంత జవాబు చెప్పింది.

అదే 1851లో ఆల్ప్స్ పర్వతాలకు ఇవతల ఒక క్రైస్తవ గురువు ఇవే ప్రశ్నలకు మరో జవాబు వెతికాడు. పేద పిల్లవాడికీ పని నేర్పే మేస్త్రీకీ మధ్య ఒప్పంద పత్రం రాయించి, పిల్లవాడి పక్షాన తానూ సంతకం పెట్టాడు. ఆ గురువు పేరు జొవాన్ని బోస్కో. లోకం ఆయన్ని డాన్ బోస్కో అని పిలుస్తుంది. ‘డాన్’ అన్నది ఇటలీలో గురువుల పేరుకు ముందు చేర్చే గౌరవ పదం.

కడుపు చేతపట్టుకుని రాజధానికి

అప్పటికి ఇటలీ అన్న దేశం ఏర్పడలేదు. పీడ్‌మాంట్ ప్రాంతం సార్డీనియా రాజ్యంలో ఉండేది. దాని రాజధాని టురిన్. 1838లో ఆ నగర జనాభా సుమారు 1,17,000. పదేళ్లకు అది 1,37,000 అయింది, మరో పదేళ్లకు దాదాపు 1,80,000కు చేరింది. కొత్త వీధులు, కొత్త మేడలు, వంతెనలు లేస్తున్నాయి. వాటికి రాయి మోయడానికి, సున్నం కలపడానికి కొండప్రాంతాల నుంచి కుర్రాళ్లు గుంపులుగా దిగేవాళ్లు. తాపీపనివాళ్ల కింద చిల్లర పనులు చేసేవాళ్లు, రాయి కొట్టేవాళ్లు, చలికాలంలో ఇళ్ల పొగగొట్టాల్లో దూరి మసి ఊడ్చే బక్క పిల్లలు అందరూ అందులో ఉండేవాళ్లు. చాలామందికి పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ల వయసు. పోర్తా పలాత్సో సంత దగ్గరి అడ్డాలో నిలబడితే ఎవరో ఒకరు పనికి పిలుచుకుపోయేవారు. పని దొరకని రోజున పస్తు.

ఒకప్పుడు పని నేర్చుకునే కుర్రాడికి వృత్తి సంఘాల కట్టుబాట్లు కొంత కాపుగా ఉండేవి. మేస్త్రీ ఎన్నేళ్లు నేర్పాలి, శిష్యుణ్ణి ఎలా చూడాలి అన్నవాటికి ఒక పద్ధతి ఉండేది. కార్లో ఆల్బెర్తో రాజు 1844లో ఆ సంఘాలను రద్దు చేశాడు. వ్యాపారానికి స్వేచ్ఛ వచ్చింది గాని, పిల్లవాడి పక్షాన మాట్లాడే గొంతు లేకుండా పోయింది. మేస్త్రీ చెప్పిందే వేదం, ఇచ్చిందే కూలి. తల్లిదండ్రులు ఎక్కడో కొండల్లో ఉంటారు, లేదంటే అసలు ఉండరు.

బోస్కో గురుపట్టం పొందింది 1841 జూన్ 5న. ఆ ఏడాది నవంబరులో పైచదువు కోసం టురిన్ చేరాడు. అక్కడ ఆయనకు దారి చూపినవాడు జుసెప్పే కఫాస్సో. మరణశిక్ష పడిన ఖైదీలకు చివరి ఘడియల్లో తోడు నిలిచినవాడిగా కఫాస్సో ఆ నగరమంతటికీ తెలుసు. ఆయన వెంట జైళ్లకు వెళ్లిన బోస్కో లోపల ఉన్న పిల్లల్ని చూసి నిశ్చేష్టుడయ్యాడు. ఆరోగ్యంగా, చురుగ్గా ఉన్న కుర్రాళ్లు నల్లుల మధ్య, ఆకలితో, పని లేక కుళ్లిపోతున్నారు. ఆయన గమనించిన మరో సంగతి ఇంకా ముఖ్యమైంది. విడుదలయ్యే రోజున బుద్ధిగా బతుకుతామని ఒట్టు పెట్టుకుని పోయిన పిల్లలే కొన్నాళ్లకు మళ్లీ అవే గోడల మధ్యకు వస్తున్నారు. ఎందుకంటే బయట వాళ్ల కోసం ఎదురుచూసే మనిషి ఒక్కరూ లేరు. పని ఇచ్చేవాడికి వీళ్లెవరో తెలియదు, తెలిసినవాడు నమ్మడు. బయట ఒక్క స్నేహితుడున్నా ఈ పిల్లలు తిరిగి రారు కదా అన్న ఆలోచన ఆయన మనసులో పాతుకుపోయింది. ఆ తర్వాత ఆయన చేసిన ప్రతి పనికీ ఈ ఆలోచనే వేరు.

పదిమంది చలవతో చదివినవాడు

ఈ ఆలోచన ఆయనకు పుస్తకాల్లో దొరకలేదు. 1815 ఆగస్టు 16న బెక్కి అనే చిన్న పల్లెలో రైతు ఇంట పుట్టాడు. రెండేళ్లు నిండకుండానే తండ్రి పోయాడు. తల్లి మార్గరీతా అక్షరం తెలియని మనిషి. వయసులో పెద్దవాడైన సవతి అన్నకు తమ్ముడు పలుగూ పారా వదిలి పుస్తకం పట్టడం గిట్టలేదు. ఇంట్లో పోరు పడలేక జొవాన్ని కొంతకాలం వేరే రైతు దగ్గర పాలేరుగా పనిచేశాడు. ముసలి గురువు కలోస్సో చేరదీసి లాటిన్ మొదలుపెట్టించాడు గాని, 1830లో ఆయనా కన్నుమూశాడు.

మరుసటి ఏడాది కియేరి పట్నంలో బడికి వెళ్లాల్సి వచ్చినప్పుడు చుట్టుపక్కల ఊళ్లవాళ్లు తలో చేయి వేశారు. ఒకరు ధాన్యం ఇస్తే ఒకరు మరేదో ఇచ్చారు. చదువుకుంటూనే అతను కాఫీ కొట్లో పనిచేశాడు, దర్జీ దగ్గర సూది పట్టాడు, తోటి పిల్లలకు పాఠాలు చెప్పి బసకు డబ్బు కూడబెట్టాడు. గురువిద్యాలయంలో చేరేటప్పుడు వేసుకోవాల్సిన బట్టలు కూడా ఊరివాళ్లు సమకూర్చినవే. ఒక పేద పిల్లవాడు చదువుకోవాలంటే ఎంతమంది చేతులు కలవాలో ఆయనకు సొంత అనుభవం. అందుకే తర్వాతి కాలంలో పిల్లల కోసం ధనవంతుల గుమ్మాలు ఎక్కడానికి ఆయన ఏనాడూ మొహమాటపడలేదు.

నిలువ నీడ లేని ఆదివారాలు

1841 డిసెంబరు 8న అసిసీ ఫ్రాన్సిస్ పేరిట ఉన్న గుడిలో, పూజకు సాయం చేయడం రాదన్న పిల్లవాణ్ణి గుడి పరిచారకుడు కొట్టి తరిమాడని, తాను అతణ్ణి వెనక్కి పిలిపించి మాట్లాడానని, తన సేవ ఆ పూటే మొదలైందని బోస్కో రాసుకున్నాడు. ఆ కుర్రాడు బార్తొలొమెయో గరెల్లి, పదహారేళ్లవాడు, తల్లీతండ్రీ లేరు, చదవడం రాయడం రావు. ఈ జ్ఞాపకాలు ఆయన 1870ల్లో, అంటే ముప్పై ఏళ్లు దాటాక రాశాడు. అందువల్ల ఇందులోని ప్రతి మాటా అక్షరాలా జరిగిందని చరిత్రకారులు పట్టుబట్టరు. కాని పిల్లలు ఒకరి వెంట ఒకరుగా రావడం, గుంపు పెరగడం మాత్రం తిరుగులేని నిజం.

ఈ పనికి ఆయన ఒక్కడే ఆద్యుడు కాడు. టురిన్‌లోని వాంకీల్యా పేటలో జొవాన్ని కొక్కి అనే గురువు 1840లోనే ఇలాంటి ఆదివారపు సమావేశాలు మొదలుపెట్టాడు. క్రైస్తవ పాఠశాలల సోదరులు పెద్దవాళ్లకు రాత్రి బడులు నడిపారు. జూలియా బరోలో అనే సంపన్నురాలు దిక్కులేని ఆడపిల్లలకు ఆశ్రయాలు కట్టించింది. బోస్కోకు నగరంలో మొదటి ఉద్యోగం ఆమె సంస్థలోనే దొరికింది. 1844లో ఆమె ఆశ్రయంలోనే పిల్లల్ని కూర్చోబెట్టుకోవడానికి గది కూడా ఇచ్చింది.

కాని మూడు నాలుగు వందలమంది అల్లరి కుర్రాళ్లను ఏ ఇరుగుపొరుగు భరిస్తుంది? 1845 నుంచి 1846 దాకా ఈ ఆదివారపు బడి ఊరంతా తిరిగింది. శ్మశానం పక్కన ఉన్న గుడి దగ్గరికి వెళితే అక్కణ్ణుంచి పొమ్మన్నారు. పిండిమరల దగ్గరా అదే జరిగింది. అద్దె గదులు ఖాళీ చేయించారు. చివరికి ఒక పచ్చికబయలు అద్దెకు తీసుకుంటే, గడ్డి తొక్కేస్తున్నారని దాని యజమానులూ పొమ్మన్నారు. నగర శాంతిభద్రతలు చూసే మార్క్విస్ మికేలే కావూర్‌కు ఈ గుంపు అనుమానాస్పదంగా కనిపించింది. తర్వాత ఇటలీ ఏకీకరణకు సూత్రధారి అయిన కమిల్లో కావూర్‌కు ఈయన తండ్రి. కొడుకు తర్వాతి కాలంలో ఈ పనిని సానుభూతితో చూశాడు గాని, తండ్రి మాత్రం ఎక్కడ అల్లర్లు లేస్తాయో అని భయపడ్డాడు.

1846 ఏప్రిల్ 12, ఈస్టర్ పండగనాడు ఈ తిరుగుడుకు తెరపడింది. ఊరి చివర వల్దోక్కో పేటలో పినార్ది అనే ఆయన ఇంటి వెనక ఉన్న కొట్టం అద్దెకు దొరికింది. కప్పు ఎంత కిందికి ఉందంటే, మనిషి నిలబడడానికి నేలను తవ్వి లోతు చేయాల్సి వచ్చింది. నవంబరు 3న బోస్కో తన తల్లిని వెంటబెట్టుకుని అక్కడికి మారాడు. యాభై ఎనిమిదేళ్ల మార్గరీతా మనవలున్న ఇల్లు వదిలి వచ్చింది. మొదటి చలికాలం ఖర్చులకు తన పెళ్లినాటి బట్టలూ చిన్నపాటి నగా వదులుకుంది. ఈ విద్యాసంస్థల తొలి దాతల పట్టికలో రాజులూ ప్రభువులూ ఉన్నారు, కాని మొదటి వరసలో ఉండాల్సిన పేరు ఆమెది. 1856లో చనిపోయేదాకా ఆ పిల్లల బట్టలు కుట్టింది, వంట చేసింది, జబ్బుపడ్డవాళ్ల దగ్గర కూర్చుంది.

రాత్రి బడి, కొత్త కొలతలు

ఆదివారం వేదపాఠం చెబితే చాలదని ఆయనకు తొందరగానే అర్థమైంది. చదవడం రానివాడు వారం గడిచేసరికి విన్నది మర్చిపోతాడు. అందుకే పగలంతా కూలికి పోయి వచ్చే పిల్లలకు రాత్రి బడి మొదలుపెట్టాడు. పంతుళ్లకు జీతాలివ్వడానికి డబ్బు లేదు. చురుకైన కుర్రాళ్లను ఏరి, వాళ్లకు తానే ఉచితంగా పాఠాలు చెప్పి, బదులుగా సాయంత్రం పూట చిన్నవాళ్లకు చెప్పమన్నాడు. ఇలా పేద పిల్లలే పేద పిల్లలకు గురువులయ్యారు.

పాఠ్యపుస్తకాలు కూడా ఆయనే రాశాడు. 1847లో అచ్చయిన బైబిల్ చరిత్ర వాటిలో ఒకటి. నాకు మరీ విశేషంగా తోచేది 1849 నాటి చిన్న పుస్తకం. పీడ్‌మాంట్‌లో పాత తూనికలూ కొలతలూ పోయి మెట్రిక్ పద్ధతి 1850 నుంచి అమలు కాబోతోంది. లెక్క తెలియనివాడు ఆ మార్పులో మోసపోతాడు. రోజుకూలీ కుర్రాడికి మీటరెంతో, కిలో ఎంతో, కొత్త లెక్క ప్రకారం తనకు రావాల్సిందెంతో తెలియాలి. బోస్కో ఆ పద్ధతిని అందరికీ అర్థమయ్యేలా వివరిస్తూ పుస్తకం వేశాడు. పిల్లల చేత సంభాషణలుగా ఆడించాడు కూడా. పరలోకం గురించి చెప్పే మనిషి తక్కెడ గురించి అంత శ్రద్ధ పట్టడం నాకు గొప్పగా అనిపిస్తుంది. నగర పాలకులు మనుషుల్ని పంపి ఈ రాత్రి బడిని పరీక్ష చేయించారు, సంతోషించి ధనసాయం చేశారు.

1850లో పిల్లలే ఒక పరస్పర సహాయ సంఘం పెట్టుకున్నారు. ప్రతి సభ్యుడూ వారానికి ఒక సోల్దో నాణెం వేయాలి. జబ్బుపడి పనికి పోలేని సభ్యుడికి రోజుకు 50 చెంతేసిమిలు, అంటే అర లీరా, ఇస్తారు. పైసా పైసా కూడబెట్టుకున్న ఈ నిధి ఆ పిల్లలకు ఒక సంగతి నేర్పింది. సాయం పుచ్చుకునేవాడు సాయం చేసేవాడు కూడా కాగలడు.

ఒప్పంద పత్రంలో ఏముంది?

ఇప్పుడు ఆ సంతకం దగ్గరికి వద్దాం. 1851 నవంబరు నాటి ఒప్పందం ఒకటి మిగిలి ఉంది. గాజుపని చేసే కార్లో ఐమినో ఒక పక్షం, బియెల్లా ప్రాంతం నుంచి వచ్చిన జుసెప్పే బోర్దోనే అనే కుర్రాడు రెండో పక్షం. గడువు మూడేళ్లు. మేస్త్రీ తన వృత్తిలోని మెళకువలన్నీ నేర్పాలి. పిల్లవాడు తప్పు చేస్తే మాటలతోనే దిద్దాలి, మరో విధంగా కాదు. చేయి ఎత్తకూడదన్నమాట. వృత్తికి సంబంధించిన పనులే చెప్పాలి, ఇంటి చాకిరీ చేయించకూడదు. పని అతని శక్తికి మించకూడదు. ఆదివారాలూ పండగలూ పూర్తిగా సెలవు. ఏడాదికి పదిహేను రోజుల విరామం. కూలి మొదటి ఏడాది రోజుకు ఒక లీరా, రెండో ఏడాది ఒకటిన్నర, మూడో ఏడాది రెండు లీరాలు, వారం వారం చేతికి అందాలి.

పిల్లవాడి వైపు షరతులూ ఉన్నాయి. విధేయంగా, శ్రద్ధగా పని నేర్చుకోవాలి. సంస్థ నిర్వాహకుడిగా బోస్కో ఒప్పుకున్నది మరొకటి ఉంది. కుర్రాడి నడవడి బాగుండేలా తాను చూసుకుంటాడు, మేస్త్రీకి ఏదైనా ఫిర్యాదుంటే వింటాడు. 1852 ఫిబ్రవరిలో జుసెప్పే బెర్తొలీనో అనే వడ్రంగితో రాయించిన మరో ఒప్పందం కూడా ఇదే పద్ధతిలో సాగుతుంది.

శిష్యరికపు ఒప్పందాలు ఆయన కనిపెట్టినవి కావు. అవి అంతకుముందూ ఉన్నాయి. కొత్తదనమల్లా ఎవరి కోసం రాయించాడన్నదే. ఒప్పందానికి అవతలి పక్షంగా నిలబడే యోగ్యత తమకుందని ఈ పిల్లలకే తెలియదు. అడ్డాలో నిలబడ్డ కుర్రాడికి ఇంటిపేరు అడిగేవాడు లేడు. కాగితం మీద అతని పేరు, అతని హక్కులు, అతని కూలి రాసిన రోజున అతను మనిషిగా లెక్కలోకి వచ్చాడు. అతని పక్షాన పూచీ పడిన మనిషి ఒకడున్నాడని మేస్త్రీకి తెలిసింది, పిల్లవాడికీ తెలిసింది. పేద పిల్లలకు జరిగిన సాయాల చరిత్రలో అన్నదానం, వస్త్రదానం కనిపించినంత తరచుగా ఈ పూచీ కనిపించదు. నా దృష్టిలో విద్యాదానానికి అసలు ప్రాణం ఇదే. దానం పుచ్చుకున్నవాడు ఇచ్చినవాడి ముందు తలవంచుకుంటాడు. తన కోసం పూచీ పడిన మనిషి ఉన్నవాడు లోకం ముందు తలెత్తుకుంటాడు.

డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చింది?

పూచీ పడడమంటే అప్పు నెత్తిన వేసుకోవడం కూడా. 1851 ఫిబ్రవరిలో పినార్ది ఇంటిని కొనడానికి సుమారు 30,000 లీరాలు కావాల్సి వచ్చింది. తత్త్వవేత్తగా పేరుపొందిన గురువు ఆంతోనియో రొస్మీని వడ్డీ మీద 20,000 లీరాలు అప్పిచ్చాడు. మిగతాది ఉన్నవాళ్లు సర్దారు. గుడి కట్టడానికి బోస్కో లాటరీ పెట్టాడు. దాతలు ఇచ్చిన మూడు వేలకు పైగా వస్తువులు బహుమతులు, టిక్కెట్టు 50 చెంతేసిమిలు. కోటల్లో ఉండే రాణులూ టిక్కెట్లు కొన్నారు, మామూలు ఇళ్లవాళ్లూ కొన్నారు. సైన్యం పక్కన పెట్టిన పాత కోట్లు, దుప్పట్లు ఇవ్వమని మంత్రులకు అర్జీలు పెట్టుకున్నాడు. చలికాలంలో వల్దోక్కో పిల్లలు తమకంటే పెద్దవైన సిపాయి కోట్లు వేసుకుని తిరిగేవాళ్లు.

దెబ్బలూ తగిలాయి. 1852 డిసెంబరు మొదట్లో, కట్టుబడి సగంలో ఉన్న కొత్త భవనం వానలకు నాని రాత్రికి రాత్రి కూలిపోయింది. మళ్లీ అప్పు చేసి మళ్లీ కట్టారు. 1854లో టురిన్‌కు కలరా వచ్చింది. రోగుల దగ్గరికి పోవడానికి అయినవాళ్లే జంకుతున్న రోజుల్లో నలభై మందికి పైగా వల్దోక్కో కుర్రాళ్లు ముందుకు వచ్చి, రోగులను మోశారు, శుభ్రం చేశారు. నిన్నటిదాకా ఈ పిల్లల్ని చూసి తలుపులు వేసుకున్న నగరం ఆ వేసవిలో వాళ్ల కోసం తలుపులు తెరిచింది. కలరాతో అనాథలైన పిల్లలు కొందరు అదే ఇంట్లో చేరారు.

సొంత కార్ఖానాలు

బయటి మేస్త్రీల దగ్గరికి పంపితే ఒప్పందం ఎంత పకడ్బందీగా ఉన్నా పిల్లలకు దెబ్బలూ బూతులూ తప్పడం లేదు. దాంతో 1853లో ఇంట్లోనే పని నేర్పడం మొదలైంది. మొదట చెప్పులు కుట్టే పని, దర్జీ పని. కియేరిలో తాను నేర్చుకున్న విద్యలే ఇప్పుడు అక్కరకొచ్చాయి. బోస్కో స్వయంగా కూర్చుని చెప్పు అట్టకు మేకు కొట్టడం చూపించాడు. 1854లో పుస్తకాల బైండింగు, 1856లో వడ్రంగం వచ్చాయి. 1860ల మొదట్లో అచ్చు యంత్రం, ఆ వెంటనే కమ్మరిపని చేరాయి. తయారైన బూట్లు, బల్లలు ఇంటి అవసరాలకు వాడారు. అచ్చాఫీసుకు పనికి కొదవ లేదు, ఎందుకంటే ఆయన 1853 నుంచే నెల నెలా చిన్న పుస్తకాలు వెలువరిస్తున్నాడు. పని నేర్చుకునే పిల్లలకు సాయంత్రం అక్షరాలు, లెక్కలు, సంగీతం నేర్పేవాళ్లు. పక్కనే లాటిన్ చదివే మరో వర్గం పెరిగింది. 1859 డిసెంబరు 18న ఎక్కువగా ఈ పిల్లల్లోంచే ఎదిగిన పదిహేడు మంది ఆయనతో కలిసి సలేషియన్ సభను స్థాపించారు. చిన్నప్పుడు ఆయన దగ్గరికి వచ్చిన మికేలే రువా తర్వాత ఆ సభకు ఆయన వారసుడయ్యాడు.

తన పద్ధతికి ఆయన చెప్పిన మూడు ఆధారాలు వివేకం, మతం, వాత్సల్యం. 1877లో చిన్న వ్యాసంగా రాశాడు. తప్పు జరిగాక శిక్షించడం కంటే, తప్పు జరగకుండా పిల్లల మధ్యే ఉండాలన్నది దాని సారం. బెత్తం లేనిదే చదువు రాదని నమ్మే కాలంలో ఈ మాటకు చాలా ధైర్యం కావాలి.

వెలుగు పక్కన నీడ

ఇక్కడ ఆగి కొన్ని మాటలు నిజాయితీగా చెప్పుకోవాలి. ఆ ఒప్పంద పత్రాల్లో మరో షరతు ఉంది. కుర్రాడు ఆదివారపు ప్రార్థనా సమావేశాలకు రావడం మానేస్తే, అతని గురించి బోస్కోకూ మేస్త్రీకీ మధ్య ఉన్న సంబంధం తెగిపోతుంది. అంటే పూచీ షరతులతో కూడినది. పిల్లవాడు మతాచారాన్ని వదిలితే తనకు కాపుగా ఉన్న సంతకాన్నీ వదులుకోవాలి. క్రైస్తవ దాతృత్వంతో నడిచిన చదువుల చరిత్ర అంతటా ఈ మెలిక కనిపిస్తుంది.

రెండోది ఆనాటి మతవైరం. 1848లో పీడ్‌మాంట్‌లోని వాల్డెన్సియన్ క్రైస్తవులకు పౌరహక్కులు వచ్చాయి. ప్రొటెస్టంట్ వర్గమైన వాళ్లు కూడా తమ పిల్లల చదువుకు ప్రాణం పెట్టినవాళ్లే. అయినా బోస్కో వెలువరించిన చిన్న పుస్తకాలు చాలాసార్లు వాళ్ల మీదే గురిపెట్టాయి. పేదలకు చదువు కావాలన్న విషయంలో ఏకమైన రెండు వర్గాలు, ఆ చదువు ఎవరి చేతుల్లో ఉండాలన్న విషయంలో తలపడ్డాయి. పోప్ రాజ్యాధికారాన్ని సమర్థించిన గురువుగా బోస్కో మీద ఇటలీ ఏకీకరణకు పూనుకున్న ప్రభుత్వానికి అనుమానం ఉండేది. 1860లో పోలీసులు ఆయన ఇంటిని సోదా చేశారు. అదే ప్రభుత్వంలోని మంత్రులు అనాథలను ఆయన దగ్గరికే పంపేవారు. ఆ కాలపు రాజకీయాలు ఎంత చిక్కుముడిగా ఉన్నాయో చెప్పడానికి ఇదొక్కటి చాలు.

మూడోది, కాలం గడిచేకొద్దీ వల్దోక్కోలో లాటిన్ చదివే విద్యార్థుల సంఖ్య, ప్రాధాన్యం బాగా పెరిగాయి. గురువులను తయారుచేయాలన్న అవసరం, అడ్డాలో నిలబడ్డ కుర్రాడి అవసరంతో పోటీ పడింది.

ఈ నీడల్ని చూసినా నాకు ఆ పని విలువ తగ్గినట్టు అనిపించదు. చట్టం ఇంకా మేలుకోని రోజుల్లో ఆ పిల్లల పక్షాన నిలబడింది బోస్కో లాంటివాళ్లే. 1859 నాటి కసాతి చట్టం తొలి రెండేళ్ల ప్రాథమిక చదువును ఉచితం చేసింది గాని, దాన్ని గట్టిగా అమలు చేసే ఏర్పాటు చేయలేదు. ఆరు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు నిర్బంధ విద్య 1877లో వచ్చింది. తొమ్మిదేళ్లలోపు పిల్లలను కార్ఖానాల్లో పెట్టకూడదన్న చట్టం 1886 దాకా రాలేదు. గాజుపని కుర్రాడితో ఒప్పందం రాసిన 1851 నుంచి లెక్క వేస్తే ముప్పై అయిదేళ్లు!

బెజవాడ స్టేషన్ దాకా

1875 నవంబరులో తొలి సలేషియన్ల బృందం జెనోవా రేవు నుంచి అర్జెంటీనాకు బయల్దేరింది. 1876లో దాతలను ఒక సంఘంగా కూర్చారు. మరుసటి ఏడాది వాళ్ల కోసం పత్రిక మొదలైంది. దాన్ని ఉచితంగా పంపేవారు. ఇచ్చిన డబ్బు ఏ ఊళ్లో ఏ పిల్లవాడికి ఏ మేలు చేసిందో అందులో చదివి, దాత మళ్లీ ఇచ్చేవాడు. ఇవాళ ఎక్కడో ఉన్న దాత ఒక పిల్లవాడి చదువుకు నెలనెలా డబ్బు పంపి అతని ప్రగతి నివేదిక అందుకునే ఏర్పాట్లున్నాయే, ఈ పత్రిక వాటికి పెద్దక్కలాంటిది. 1883లో పారిస్‌లో, 1886లో బార్సిలోనాలో జనం బోస్కోను చూడ్డానికి ఎగబడ్డారు. ముసలితనంలో, చూపు మందగించి, కాళ్లు సహకరించకపోయినా ఆ ప్రయాణాలు చేసింది పిల్లల కోసం చేయి చాచడానికే. 1888 జనవరి 31న టురిన్‌లో కన్నుమూశాడు. 1934లో చర్చి ఆయన్ని పునీతుడిగా ప్రకటించింది.

సలేషియన్లు 1906లో తంజావూరు చేరారు. తెలుగునేల మీద వాళ్ల పనిలో ఈ కథకు అతి దగ్గరిది విజయవాడలో 1989లో మొదలైన నవజీవన్ బాలభవన్. దేశం నలుమూలల రైళ్లూ కలిసే పెద్ద జంక్షన్ విజయవాడ. ఇంట్లో దెబ్బలు తట్టుకోలేకో, పేదరికం వల్లో పారిపోయిన పిల్లలు దిగే చోటు కూడా అదే. పోర్తా పలాత్సోలో బోస్కో చేసినట్టే ఇక్కడి వాళ్లూ పిల్లలు ఉన్నచోటికే వెళ్లారు. ప్లాట్‌ఫారం మీద పరిచయం చేసుకుని, తలదాచుకునే చోటు చూపి, కుదిరితే ఇంటికి చేర్చి, కుదరకపోతే చదువో పనో నేర్పించారు.

మన దేశంలో 2009 నాటి విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల చదువుకు ప్రభుత్వాన్నే పూచీ చేసింది. ఇది చాలా పెద్ద ముందడుగు. ఒక గురువు దయ మీదో ఒక దాత మనసు మీదో ఆధారపడాల్సినది ఇప్పుడు పిల్లల హక్కు. దానికి ప్రార్థనల షరతు లేదు. అయితే ఆ హక్కు పద్నాలుగేళ్లకు ఆగిపోతుంది. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం కూడా పద్నాలుగు దాటినవాళ్లను ప్రమాదకరమైన పనుల్లో పెట్టడాన్నే నిషేధిస్తుంది. పదో తరగతి తప్పి, మెకానిక్ షెడ్డులోనో హోటల్లోనో చేరిన పదిహేనేళ్ల కుర్రాడికి ఒప్పంద పత్రం ఎవరు రాయిస్తున్నారు? నేర్పాల్సిన పని నేర్పుతున్నారా, వారానికి ఒకరోజైనా సెలవిస్తున్నారా అని యజమానిని అడిగేదెవరు? టురిన్ జైల్లో కనిపించిన పిల్లల వయసు కూడా ఇంచుమించు ఇదే. ఇప్పుడు ఆ బాధ్యత ఒక్క చర్చిది కాదు, ఒక్క మతానిది కాదు. పంచాయతీ, పురపాలక సంఘం, బడి, కార్మిక శాఖ, పూర్వ విద్యార్థుల సంఘాలు ఎవరైనా ఆ పిల్లవాడి పక్షాన పూచీ పడవచ్చు. ఫీజు కట్టడంతో దాత పని అయిపోదు. పిల్లవాడు పని నేర్చి, తన కాళ్ల మీద నిలబడి, తన హక్కు తాను అడగగలిగేదాకా పక్కన నిలవడమే అసలైన చేయూత.

*వచ్చే వారం: ఈ భాగంలో ఆడపిల్లల మాట దాదాపు లేదు. మోర్నేసే పల్లెలో సూదీదారంతో బడి మొదలుపెట్టి, 1872లో బోస్కోతో కలిసి సన్యాసినుల సభను స్థాపించిన మరియా మజ్జరెల్లో కథ.*